కట్టె లెక్క, కరెంటు లెక్క

1953లో ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. పేరు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’. రాసింది డాక్టర్ ఎస్.పి. రాజు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధన ప్రయోగశాల ఆయన చేతి కింద ఉండేది. ఆనకట్టలకూ కాలువలకూ కావలసిన పరీక్షలు చేసే సర్కారీ శాల అది. అలాంటి చోట పనిచేసే ఇంజనీరు వంటింట్లోకి వచ్చి, మోపెడు కట్టె తగలబెట్టినా కుండెడు అన్నం ఉడకడానికి అంతసేపు ఎందుకవుతోంది, మిగిలిన వేడి ఎటు పోతోంది అని లెక్క తీశాడు. ఆయన కట్టించిన పొయ్యికి ప్రయోగశాల పేరే నిలిచింది: హెచ్.ఇ.ఆర్.ఎల్. చూలా. పొయ్యిల మీద పరిశోధన చేసేవాళ్లు చాలామంది తమ చరిత్రను 1947లో వార్ధాలో వచ్చిన మగన్ చూలాతోనూ, ఆ వెంట వచ్చిన ఈ హైదరాబాదు పొయ్యితోనూ మొదలుపెడతారు.

నేను శంషాబాదు మండలంలో పుట్టాను. ఇక్కడి సర్కారు బడుల్లోనే భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉష్ణప్రసారం పాఠం ఏటా చెప్పేదాన్ని. ఆ పాఠంలో థర్మాస్ ఫ్లాస్కు ఉంటుంది, ఆవిరి యంత్రం ఉంటుంది. మన రాజధానిలో మన ఆడవాళ్ల కోసం పుట్టిన పొయ్యి గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ ప్రయోగశాలకు వారసురాలైన సంస్థ హిమాయత్‌సాగర్ దగ్గరే ఉంది. ఆ చెరువుకు నీళ్లు వచ్చే పల్లెల్లో మావీ ఉన్నాయి. ఇంత దగ్గరి చరిత్ర మాకు ఇంత దూరంగా ఉండిపోయిందన్న బాధతోనే ఇది రాస్తున్నాను.

పాత పొయ్యి అంటే మూడు రాళ్లు, లేదా మూడు వైపులా మట్టి గట్టు. కట్టెలోని వేడిలో సుమారు పదో వంతే కుండకు చేరుతుందని కొలిచినవాళ్లు చెబుతారు. తక్కినదంతా పొగలో, గోడలో, గాలిలో, వండే మనిషి ముఖం మీద. కానీ ఆ అంకె ఒక్కటే చూస్తే మా అమ్మలాంటి వాళ్లకు అన్యాయం జరుగుతుంది. ఆమెకు కట్టె అంటే ప్రాణం. అన్నం ఉడికి గంజి వార్చగానే మండుతున్న కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి ఆర్పేసేది. కుండను ఉత్త నిప్పుల మీద పెట్టి మూత మీద బరువు పెడితే అన్నం తనంత తానే మగ్గేది. ఆ నిప్పుల మీదే తర్వాత పప్పు. పప్పు దిగాక, స్నానాల నీళ్ల కాగు. రాత్రి మిగిలిన నిప్పును బూడిద కింద దాస్తే తెల్లారి అగ్గిపుల్ల గీయకుండానే పొయ్యి రాజుకునేది. దాచిన నిప్పు ఆరిపోయిన ఇంటివాళ్లు పిడక ముక్క పట్టుకుని పక్కింటికి వచ్చేవాళ్లు. కందులు పొద్దున్నే నానేసేది, చింతపండు ముందే పిసికి పెట్టుకునేది. పొయ్యి వెలిగాక వెతుకులాట ఉండకూడదు. “మంట ఖాళీగ మండొద్దు బిడ్డా” అనేది. ప్రయోగశాల చెప్పిన పదో వంతును ఆమె ఏ మేరకు పెంచిందో ఎవరూ కొలవలేదు.

రాజుగారి పొయ్యి ఈ పనినంతా మట్టిలోనే ఏర్పాటు చేసింది. మలుపు తిరిగిన మట్టి సొరంగం. ముందు కట్టె పెట్టే నోరు, సొరంగం పైన వరసగా కుండలు దిగే గుంతలు, చివర ఇంటి కప్పు దాటి పైకి పోయే పొగగొట్టం. మొదటి కుండను తాకిన మంట అక్కడితో ఆగక రెండోదాని కిందికీ మూడోదాని కిందికీ పాకుతుంది. అన్నం ఉడికే కట్టెతోనే పప్పు ఉడుకుతుంది, ఆఖరి గుంత మీద నీళ్లు కాగుతాయి. గొట్టం దగ్గర ఒక రేకు పలక. దాన్ని కిందికీ పైకీ జరిపి గాలి లాగుడు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. పొగ, మసి, సెగ, వృథా, నిప్పు భయం – ఈ ఐదింటి నుంచి వంటింటికి విముక్తి అని ఆయన ప్రకటించాడు. స్వాతంత్ర్యం వచ్చి, జాగీర్లు రద్దయి ఇంకా నాలుగైదేళ్లే అయిన కాలం. ఆ రోజుల్లో విముక్తి అనే మాటను పొయ్యి దగ్గరికి తెచ్చిన ఆ మనిషి మీద నాకు గౌరవం. ఆడదాని కళ్లమంటను ఇంజనీరింగు సమస్యగా తీసుకున్నవాళ్లు అప్పట్లో ఎందరున్నారు?

1952 అక్టోబరు 2న దేశంలో సమాజాభివృద్ధి పథకం మొదలైంది. బ్లాకులు వచ్చాయి, బ్లాకుల్లో గ్రామసేవికలు వచ్చారు. పొగలేని పొయ్యి వాళ్లు నేర్పే పనుల్లో ఒకటి. మా ఇంట్లో అలాంటిది నేను చిన్న బడిలో ఉండగా కట్టారు. ఎర్రమట్టి, పేడ, వరిపొట్టు కలిపి తొక్కిన వాసన నాకు ఇప్పటికీ తెలుసు. గొట్టం ముక్కలు కుమ్మరి కాల్చి ఇచ్చాడు. గుంతలు మా అమ్మ కుండల కొలతకే కోశారు. మొదటి రోజుల్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, గోడ మసిబారకపోవడం చూసి, పొగ ఎటు పోతోందో బయటికెళ్లి కప్పు వైపు చూసేవాళ్లు.

అది మా ఇంట్లో కొన్నేళ్లే ఉంది. ఎందుకు పోయిందో చెప్పకపోతే ఈ చరిత్ర సగమే. మాది జొన్నరొట్టె తినే ఊరు. రొట్టెకు పెనం కింద వెడల్పాటి మంట కావాలి, పెనం మీద కాలిన రొట్టెను పొయ్యి ముందరి నిప్పుల సెగకు నిలబెట్టి పొంగించాలి. గుంతలో కుండ బిగుసుకుని కూర్చునే పొయ్యికి ఆ ముంగిలి లేదు. కాబట్టి రొట్టెల పొయ్యి దొడ్లో అలాగే ఉండిపోయింది. ఒక కుండ పగిలితే కొత్తది అదే కొలతలో దొరకదు. సందులోంచి పొగ వచ్చేది. వానాకాలంలో గొట్టం చుట్టూ కప్పు కారింది. గొట్టంలో మసి పేరుకుంది. కట్టించిన సేవికకు బదిలీ అయింది. గొట్టం దులపడం ఎవరి పనో ఎవరికీ తెలియలేదు. రేకు పలకను ఎప్పుడు దించాలో చెప్పేవాళ్లు లేక అది ఎప్పుడూ తెరిచే ఉండేది. దాంతో వేడి కుండకు ఆగకుండా గొట్టంలోంచి పైకి పోయేది.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టి, 2002లో దాన్ని ముగించే నాటికి దేశమంతా మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టినట్టు లెక్క చూపింది. వాటిలో చాలావాటికి ఇదే గతి పట్టింది. ఇళ్లల్లో వండుతుండగా కొలిచిన పరిశోధకులకు, గొట్టమున్న పొయ్యి పొగను బయటికి పంపినా కట్టెను అనుకున్నంత మిగల్చలేదని తేలింది. అయినా రాజుగారి ఆలోచన తప్పని నేను ఒప్పుకోను. కట్టడానికి డబ్బు పెట్టారు, కట్టినదాన్ని చూసుకునే మనిషికి పెట్టలేదు. బావికి గిలక బాగుచేసేవాడున్నాడు, బండికి ఇరుసు బాగుచేసేవాడున్నాడు. పొయ్యికి మాత్రం ఎవరూ లేరు, ఎందుకంటే దాన్ని వాడేది ఆడమనిషి.

కట్టె ఎక్కడి నుంచి వచ్చేదో కూడా చెప్పాలి. మా వైపు దాన్ని కొన్నది తక్కువ. చేను దున్నేవాళ్లకు కందికట్టె, ఆముదం కట్టె, జొన్న కొయ్యలు. పశువులున్నవాళ్లకు పిడకలు. చెరువు శిఖంలో సర్కారు తుమ్మ. మా ప్రాంతంలో ద్రాక్షతోటలు విరివిగా ఉన్న రోజుల్లో ఏటా రెండు కత్తిరింపులు ఉండేవి. కత్తిరించిన తీగలను కూలికి పోయిన ఆడవాళ్లు మోపులు కట్టి తెచ్చుకునేవాళ్లు. గబుక్కున అంటుకుని గబుక్కున ఆరిపోయే పుల్లలవి, పాలు కాచడానికి, చాయ పెట్టడానికి సరిపోతాయి. ఏ కట్టె దేనికి అన్నది ప్రతి ఇల్లాలికీ తెలుసు. రొట్టెలకు కందికట్టె, నిప్పు నిలవడానికి తుమ్మ, నీళ్లు కాగడానికి పిడక. ఆ వంటచెరుకుకు ధర లేదు, నెల చివర బిల్లు లేదు. దాని ఖరీదు ఆడవాళ్ల నడుములూ ఊపిరితిత్తులూ చెల్లించాయి.

2005 మార్చి 16న మా శంషాబాదులో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న విమానాలు ఎగరడం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు దానికి పోయాయి. నష్టపరిహారం, ఉద్యోగాలు, ధరల గురించి చాలామంది రాశారు. పొయ్యి గురించి ఎవరూ రాయలేదు. చేను పోయిందంటే కందికట్టె పోయినట్టే. గొడ్లను అమ్మేశారంటే పిడకలు పోయినట్టే. దొడ్డి లేని కాలనీ ఇంట్లోకి మారారంటే కట్టెలు పేర్చుకునే జాగా కూడా పోయినట్టే. అంతవరకు ఇంధనం ఏరుకొచ్చుకున్న ఇళ్లు ఒక్కసారిగా ఇంధనం కొనుక్కునే ఇళ్లయ్యాయి. పంటపైసలు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఇంట్లో, నెలనెలా నగదు అడిగే గ్యాసూ కరెంటూ ఎంత బరువో, ఆ మార్పు మధ్యలో నిలబడ్డవాళ్లకు తెలుసు. మా బడికి వచ్చే పిల్లల తల్లులు ఆ రోజుల్లో నన్ను అడిగింది చదువుల గురించి కాదు. “టీచరమ్మా, సిలిండరు నెల గూడ వస్తలేదు, ఏంజేయాలె?” అని.

గ్యాసు అంతకు ముందే మా ఊళ్లకు వచ్చింది. 1999లో ‘దీపం’ పథకం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మహిళా సంఘాల సభ్యులకు కనెక్షన్లు ఇచ్చింది. చాలా ఇళ్లలో ఆ పొయ్యి చుట్టాలు వస్తే చాయకు వెలిగేది, అన్నానికి కట్టెలే. కట్టెలు లేకుండా పోయాకే దాని పొదుపు నేర్చుకోవలసి వచ్చింది. నేను వాళ్లకు చెప్పింది కొత్తదేమీ కాదు, మా అమ్మ చేసిందే. బియ్యం, పప్పు నానబెట్టండి. మూత పెట్టండి. కుక్కరు మొదటి కూత కూయగానే మంట తగ్గించండి, లోపలి ఆవిరే తక్కిన పని చేస్తుంది. గిన్నె అడుగు దాటి మంట పక్కలకు రావద్దు. సిలిండరు పెట్టిన తేదీ క్యాలెండరు మీద రాయండి. అప్పుడు ఏ నెల ఎందుకు ముందే అయిపోయిందో మీకే తెలుస్తుంది. అటుకులు, నూకల రోజుల నుంచి ఇంటి లెక్క నడిపినవాళ్లు ఆడవాళ్లే కాబట్టి ఒక్కసారి చెబితే చాలు.

కరెంటు కథ వేరు. నిజాం సర్కారు హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే విద్యుత్కేంద్రాన్ని 1920లో మొదలుపెట్టింది. ఆ వెలుగు నగరానిదే. మా పల్లెలకు రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడ్డాక తీగలు మెల్లగా మోటరు బావుల వెంట ఊళ్లలోకి నడిచాయి. అంతవరకు గ్యాసునూనె బుడ్డి, కందిలి. గ్యాసునూనె రేషను మీద వచ్చేది కాబట్టి అక్కడా పొదుపే: ఒకే కందిలి, దాని చుట్టూ చదువుకునే పిల్లలు, వంట అయ్యేదాకా వంటింట్లో, తర్వాత అర్రలో. 1988-89లో ‘కుటీర జ్యోతి’ వచ్చి బీదవాళ్ల ఇళ్లకు ఒక్క బల్బు కనెక్షను ఇచ్చింది. ఆ ఒక్క బల్బును రెండు గదులకు వెలుతురు పడేలా గోడకు కన్నం చేసి పెట్టుకున్న ఇళ్లు నేను చూశాను.

1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును విడగొట్టారు, 2000లో పంపిణీ కంపెనీలు వచ్చాయి, చార్జీలు పెరిగాయి. ఆ పెంపు మీద నిరసన సాగుతుండగా, ఆ ఏడు ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. కరెంటు బిల్లు కోసం రోడ్డు మీద ప్రాణాలు పోయిన రాష్ట్రం ఇది. ఆ మాట మరచిపోయి పొదుపు పాఠాలు చెప్పడం నాకు సాధ్యం కాదు. ధర ఎవరు నిర్ణయిస్తున్నారన్నది ఒక ప్రశ్న, ఇంట్లో ఎంత కాలుతోందన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు మన చేతిలో ఉందని మొదటిదాన్ని వదిలేయకూడదు.

ఆ తర్వాత 2012, 2013 కోతలు. కృష్ణా గోదావరి బేసిన్ నుంచి రావలసిన గ్యాసు తగ్గి విద్యుత్కేంద్రాలు ఆగాయి, పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టారు. వీలున్న ఇళ్లన్నీ ఇన్వర్టర్లు కొన్నాయి. ఇన్వర్టరు కరెంటును బ్యాటరీలో దాచి తిరిగి ఇచ్చేటప్పుడు కొంత తినేస్తుంది. కోతలు పోయాక కూడా ప్లగ్గులో ఉండి ఊరికే తింటూనే ఉంటుంది. కోతలు పోయి ఏళ్లయినా వాటిని తీసేయని ఇళ్లు మా వీధిలో ఉన్నాయి.

2015 జనవరిలో కేంద్రం ‘ఉజాలా’ పెట్టాక ఎల్.ఇ.డి. బల్బు ధర బాగా దిగింది. ఇది మాత్రం గెలిచింది, ఎందుకు గెలిచిందో చూడండి. పాత హోల్డరులోనే పట్టింది. వాడే తీరు మార్చుకోమనలేదు. దులపాల్సిన గొట్టం లేదు. 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు, అదే వెలుతురు ఇచ్చే 9 వాట్ల దీపానికి ఒకటిన్నర యూనిటు కూడా కాదు. రాజుగారి పొయ్యికి మన పెనం పట్టే వీలుండి ఉంటే ఏమయ్యేదో అని ఆ బల్బును చూసినప్పుడల్లా అనుకుంటాను.

ఇప్పటి బిల్లులో అసలు కిటుకు స్లాబులో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల్లో వంద దాటి 200 యూనిట్ల దాకా వాడిన ఇంటికి మొదటి వందకు యూనిటు 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. మొత్తం 820. ఒక్క యూనిటు దాటి 201 అయితే మొదటి రెండు వందలకూ 5.10 చొప్పున, ఆ పై యూనిటుకు 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఇవి వాడకం చార్జీలే, తక్కినవి వేరు. అంటే ఆ ఒక్క యూనిటు ఖరీదు రెండు వందల పైన. 2024లో ‘గృహజ్యోతి’ వచ్చాక, అర్హులైన ఇళ్లకు 200 దాకా సున్నా బిల్లు. దాటితే మొత్తం కట్టాలి. ఆ గీత ఇప్పుడు ఇంకా పదునెక్కింది. దీనికోసం మా మహిళా సంఘం ఆడవాళ్లకు నేను నేర్పింది మీటరు చదవడం ఒక్కటే. పదో తేదీన, ఇరవయ్యో తేదీన అంకె రాసుకుంటే, చివరి పది రోజులు ఇస్త్రీ ఆపాలా, మోటరు తగ్గించాలా వాళ్లే తేల్చుకుంటారు. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్ల లోపల. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు ఒక ఫ్యాను మీదే ఇరవై యూనిట్ల తేడా. గీత దగ్గర ఉన్న ఇంటికి ఆ ఇరవయ్యే సర్వస్వం.

ఏప్రిల్, మే నెలల్లో గీత దాటించేది కప్పు. మా పాత మిద్దెల మీద దూలాలు, చెక్కలు, వాటిపైన జానెడు మందాన చౌడు మట్టి. పగటి ఎండ ఆ మట్టి దాటి లోపలికి దిగే సరికి పొద్దు గూకేది. అప్పటికి మేం పైన చాపలు పరుచుకునేవాళ్లం. విమానాశ్రయం తర్వాత వచ్చిన ఇళ్లకు ఐదంగుళాల కాంక్రీటు స్లాబు. అది సాయంత్రానికి ఎండను తాగి రాత్రి పది గంటలప్పుడు గదిలోకి కక్కుతుంది. కూలరు పెట్టినా ఏసీ పెట్టినా ముందు ఆ స్లాబును చల్లబరచాకే మనిషి దగ్గరికొస్తుంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. తెల్లటి పూత, తెల్ల పెంకులు ఎండను తిప్పికొడతాయన్నదే దాని సారం. ఖరీదైన పూత కొనలేనివాళ్లు సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు కొట్టుకుంటున్నారు. వానలకు అది కడుక్కుపోతుంది, మళ్లీ ఎండాకాలం ముందు వేయాలి. ఇంటికి ఏటా సున్నం కొట్టే అలవాటు ఉన్న ఊళ్లకు అది కష్టం కాదు. గోడకు కొట్టేటప్పుడు ఒక బకెట్టు పైకి కూడా ఎక్కించాలి, అంతే.

ఇప్పుడు సోలారు. ప్రహరీ అవతల విమానాశ్రయానికి పది మెగావాట్ల సోలారు ప్లాంటు ఉంది, దాన్ని కడిగేవాళ్లున్నారు, కొలిచేవాళ్లున్నారు. ఇవతల 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తోంది. మా కాలనీలో కొందరు పెట్టుకున్నారు. బెంగళూరు హైవే దుమ్ము, కొత్త వెంచర్ల మట్టి వచ్చి వారంలోనే పలకల మీద పేరుకుంటుంది. దుమ్ము పట్టిన పలక నుంచి కరెంటు తగ్గుతుంది. పెట్టిపోయినవాళ్లు కడగడానికి రారు. అందుకే సంఘంలోని నలుగురు కోడళ్లకు, కూతుళ్లకు ఆ పని నేర్పించాం. ఎండ ఎక్కకముందే, పలక చల్లగా ఉండగానే మెత్తటి గుడ్డతో కడగాలి. ఉప్పు బోరు నీళ్లు వాడితే తెల్లమరకలు పడతాయి, కాబట్టి నల్లా నీళ్లు పట్టుకోవాలి. కడిగాక సోలారు ఇన్వర్టరు పెట్టె మీద ఆ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో రాసుకోవాలి, పోయినసారి అంకెతో పోల్చాలి, తేడా ఉంటే ఇంటివాళ్లకు చెప్పాలి. ఇంటికింత అని నెలకు తీసుకుంటున్నారు. మొదట్లో కొందరు మగవాళ్లు “గింత పనికి పైసలా?” అన్నారు. పైసలు తీసుకోవాల్సిందేనని నేను గట్టిగా చెప్పాను, ఇప్పుడు ఇస్తున్నారు.